రాయి వెనక వైపు

మ్యూజియం అంటే మనలో చాలామందికి స్కూలు ఎక్స్‌కర్షనే గుర్తొస్తుంది. బస్సు దిగడం, లైన్లో నిలబడటం, "ముట్టుకోరాదు" బోర్డు చూడటం, ఆ తరవాత చెట్టు కింద పులిహోర పొట్లాలు విప్పడం. లోపల చూసిన రాళ్ళకంటే పులిహోరే ఎక్కువ గుర్తుంటుంది. పిల్లల్ని అనడానికేం లేదు. రాయి పక్కన చీటీ మీద "సున్నపురాయి, క్రీ.శ. 2వ శతాబ్దం, అమరావతి" అని మూడు ముక్కలుంటాయి. ఆ మూడు ముక్కలు చదివి ఎవరికైనా ఏం ఆసక్తి పుడుతుంది చెప్పండి?

బయటి దేశాల్లో మ్యూజియంవాళ్ళు దీనికో ఉపాయం కనిపెట్టారు. 1997లో బెర్లిన్‌లో "మ్యూజియంల రాత్రి" అని మొదలైంది. ఆ రోజు పొద్దుపోయేదాకా తలుపులు తెరిచే ఉంటాయి. తరవాత చాలా ఊళ్ళు దాన్ని అందిపుచ్చుకున్నాయి. కొన్ని మ్యూజియంలు ఇంకో అడుగు ముందుకేసి "తెర వెనక" సాయంత్రాలు పెడుతున్నాయి. మామూలు జనం వెళ్ళిపోయాక కొద్దిమందిని లోపలికి తీసికెళ్ళి గోదాము, రాళ్ళని శుభ్రం చేసే లాబు, పాత రిజిస్టర్లు, కొనుగోలు ఫైళ్ళు చూపిస్తారు. మన భాషలో చెప్పాలంటే, రోజూ స్క్రీన్ చూసేవాణ్ణి ఒక్కసారి సర్వర్ రూములోకి తీసికెళ్ళి డేటాబేసూ, లాగ్ ఫైళ్ళూ చూపించడమన్న మాట.

మాది గుంటూరు వైపు. మిరప కల్లాలు, పత్తి చేలు, మధ్యలో ఎక్కడో ఒక దిబ్బ, దిబ్బలో విరిగిన రాళ్ళు. మా ప్రాంతపు రాళ్ళకి అలాంటి తెర వెనక సాయంత్రం ఎవరైనా పెడితే అందులో ఏయే గదులుండాలి అని నాకో ఆలోచన వచ్చింది. అన్నీ ఒకే భవనంలో ఉండవు. ఒక గది లండన్‌లో, ఒకటి చెన్నైలో, ఒకటి కాన్‌బెర్రాలో. తిరగడానికి వీసాలు అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు. రండి.

మొదటి గది: బొమ్మల పెట్టె

1796 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి వదిలి అమరావతికి మకాం మార్చారు. కొత్త ఊరు కట్టాలంటే రాళ్ళు కావాలి, ఇటుకలు కావాలి. ధరణికోట పక్కన దీపాలదిన్నె అని ఒక మట్టి దిబ్బ ఉంది. తవ్వితే చెక్కిన రాళ్ళు బయటపడ్డాయి. అది సుమారు 50 మీటర్ల వ్యాసమున్న మహాస్తూపమని అప్పుడు అక్కడ ఎవరికీ తెలీదు. కొన్ని రాళ్ళు కట్టడాల్లోకి వెళ్ళాయి. కొన్ని బట్టీలోకి వెళ్ళి సున్నమయ్యాయి.

ఇది వినగానే మనకి రాజా గారి మీద కోపం వస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆగండి. ఆ రాయి పలనాటి సున్నపురాయి. ఇంగ్లీషువాళ్ళు అమరావతి మార్బుల్ అని పేరు పెట్టారు గానీ అది పాలరాయి కాదు. ఇవాళ్టికీ పిడుగురాళ్ళ అంటే సున్నం బట్టీలే గుర్తొస్తాయి. సున్నపురాయిని కాల్చి సున్నం చెయ్యడం ఆ ప్రాంతం వాళ్ళకి కొత్త పనేం కాదు. ఆ రాయి ఏమిటో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేనప్పుడు, బట్టీవాడి దృష్టిలో అది సున్నపురాయే.

కల్నల్ కాలిన్ మెకంజీ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మొదటిసారి ఆ దిబ్బ చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడిమధ్యలో చెరువు కోసం తవ్విన గొయ్యి ఉంది. ఆయన ఒక మంచి పని చేశాడు. చిత్రకారుల్ని కూచోబెట్టి, దొరికిన రాళ్ళని దొరికినట్టు కొలతలతో బొమ్మలు గీయించాడు. ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. మెకంజీ దగ్గర పనిచేసిన వాళ్ళలో మన తెలుగువాళ్ళు ముఖ్యులు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు ఊరూరా తిరిగి ఆయన కోసం కైఫియత్తులు, శాసనాలు సేకరించారు.

ఆ బొమ్మల ఆల్బమ్ ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఉన్న రాళ్ళలో కొన్ని ఈ రోజు భూమ్మీద ఎక్కడా లేవు. అసలు పోయి, బొమ్మ మిగిలింది. సర్వర్ కాలిపోయాక బ్యాకప్ టేపు దొరికినట్టు. కాకపోతే ఈ టేపుని ఎవరో కాగితం మీద చేత్తో గీశారు.

రెండో గది: గోదాము

ప్రతి మ్యూజియంలోనూ బయట పెట్టిన వాటికంటే లోపల దాచినవే ఎక్కువ. గోదాము బాగుంటే ఫర్వాలేదు. బాగోకపోతే ఏమవుతుందో చూడండి.

1845లో గుంటూరులో పనిచేస్తున్న వాల్టర్ ఎలియట్ మళ్ళీ తవ్వించి, దొరికిన రాళ్ళని మద్రాసు పంపాడు. అంతకు ముందే కొన్ని రాళ్ళు మచిలీపట్నం చేరి, అక్కడ రాబర్ట్‌సన్ అనే దొర కొత్తగా కట్టించిన బజారుకి అలంకారమయ్యాయి. ఆ దొర పేరుతోనే బందరులో రాబర్ట్‌సన్‌పేట ఉంది. ఎలియట్ పంపిన రాళ్ళు మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ ఆరుబయట పడున్నాయి. 1859లో 121 రాళ్ళని ఓడ ఎక్కించి లండన్ పంపారు. గ్రీసు నుంచి తెచ్చుకున్న శిల్పాలకి ఎల్గిన్ మార్బుల్స్ అని పేరున్నట్టే వీటికి ఎలియట్ మార్బుల్స్ అని పేరు పడింది.

లండన్ వెళ్తే దశ తిరిగిందనుకుంటాం కదా. తిరగలేదు. ఇండియా మ్యూజియం అప్పుడు ఫైఫ్ హౌస్ అనే భవనంలో ఉండేది. అక్కడ చోటు చాల్లేదు. కొన్ని రాళ్ళని భవనం బయట పెడితే లండన్ చలీ వానా తిన్నాయి. మిగిలినవి గుర్రబ్బళ్ళు పెట్టుకునే షెడ్డులో చెత్త కింద చేరాయి. 1867 పారిస్ ప్రదర్శనకి మన దేశపు కట్టడాల ఫోటోలు సిద్ధం చేస్తున్న జేమ్స్ ఫెర్గూసన్‌కి అవి ఆ షెడ్డులో కనబడ్డాయి. గుంటూరు నుంచి బయల్దేరిన రాయి, బట్టీని తప్పించుకుని, మూడు సముద్రాలు దాటి, లండన్‌లో బండ్ల షెడ్డులో రెండోసారి దిబ్బ కింద పడిందన్న మాట!

ఫెర్గూసన్ వాటికి ఫోటోలు తీయించి, 1868లో "ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్" అనే పెద్ద పుస్తకం వేశాడు. అమరావతి పేరు ప్రపంచానికి తెలిసింది ఆ పుస్తకంతోనే. 1880లో రాళ్ళు బ్రిటిష్ మ్యూజియంకి మారాయి.

"తెల్లవాళ్ళు తీసికెళ్ళబట్టే బతికాయి" అనేవాళ్ళు మనలో బోలెడుమంది ఉన్నారు. "దోచుకుపోయారు, తెచ్చెయ్యాలి" అనేవాళ్ళూ అంతే మంది. ఈ గదిలో నిలబడి చూస్తే మొదటి మాట సగమే నిజమనిపిస్తుంది. బండ్ల షెడ్డులో చెత్త కింద పెట్టడాన్ని కాపాడటం అనరు. రాళ్ళని గట్టెక్కించింది దేశం మారడం కాదు, ఒక మనిషి వచ్చి వాటిని లెక్కబెట్టి, ఫోటో తీసి, అచ్చు వెయ్యడం. ఆ పని అమరావతిలోనే జరిగుంటే రాళ్ళు అమరావతిలోనే బతికేవి.

మూడో గది: లాబు

ఇప్పుడు చెన్నై ఎగ్మూరు. అక్కడి ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. ఎలియట్ తరవాత 1877లో రాబర్ట్ సూయెల్, 1881–82లో జేమ్స్ బర్జెస్ అమరావతిలో పనిచేశారు. మధ్యలో 1880లో గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూకు హుకుంతో దిబ్బ మొత్తం ఊడ్చేశారు. ఆ దెబ్బతో ఏ రాయి ఎక్కడుండేదో చెప్పే ఆనవాళ్ళు చాలావరకు చెరిగిపోయాయి. ఇంజనీరు భాషలో చెప్పాలంటే డేటా కొంత మిగిలింది, దాని ఇండెక్స్ పోయింది.

మద్రాసు చేరిన రాళ్ళలో చాలావాటిని గోడలో పెట్టి సిమెంటుతో బిగించేశారు. ఆ రోజుల్లో అదే గట్టి పద్ధతి అనుకున్నారు. జనానికి వరసగా, పటాలు తగిలించినట్టు, చక్కగా కనబడతాయి. అయితే సున్నపురాయి గాలి పీల్చే రాయి. గోడలో చెమ్మ చేరితే, ఆ చెమ్మతో పాటు ఉప్పు రాయిలోకి పాకుతుంది. తడి ఆరినప్పుడు ఉప్పు పలుకులై పైకి తేలుతుంది, తేలుతూ చెక్కడాన్ని పొడిపొడిగా రాల్చేస్తుంది. మన పాత ఇళ్ళల్లో గోడ అడుగున సున్నం పెచ్చులూడటం చూసే ఉంటారు. అదే జబ్బు. సిమెంటులోంచి రాయిని చెక్కు రాలకుండా విడదియ్యడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇంకో నష్టం కూడా ఉంది. నాకు దీన్ని మించిన ఉదాహరణ దొరకలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఒక అమరావతి పలక ఉంది. ముందువైపు క్రీ.శ. 3వ శతాబ్దం నాటి స్తూపం బొమ్మ, కిక్కిరిసిన దేవతలూ, సింహాలూ, పొంగిపోయే నగిషీ. వెనక్కి వెళ్తే ఇంకో బొమ్మ. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం. ఇది క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా చెట్టూ, ఆసనం, పాదాలూ మాత్రమే చూపించిన కాలం. అంటే మూడు నాలుగు వందల ఏళ్ళ తరవాత స్తూపాన్ని మళ్ళీ బాగుచేసినప్పుడు, పాత పలకనే తిప్పి రెండో వైపు కొత్త బొమ్మ చెక్కారన్న మాట. ఒకే రాయి మీద పాత వెర్షనూ, కొత్త వెర్షనూ.

ఆ పలక ఖర్మకాలి గోడలో సిమెంటుతో బిగిసిపోయి ఉంటే? ఆ ఖాళీ ఆసనం మనకి కనబడేదే కాదు. ఆ వెనక వైపు చూడగలగబట్టే స్తూపం ఒక్కసారి కట్టింది కాదనీ, తరతరాలుగా కడుతూ, మారుస్తూ వచ్చారనీ కళ్ళారా తెలుస్తోంది. అందుకే అంటున్నాను, మ్యూజియంలో ముందువైపు చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు.

నాలుగో గది: కొనుగోలు ఫైలు

ఇక్కణ్ణుంచి కథ మన కాలానికి వస్తుంది. ఊరు కూడా మారుతుంది. ప్రకాశం జిల్లా దొనకొండ దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అని ఒక ఊరుంది. ఊరి పక్క కొండ మీద పెద్ద బౌద్ధ స్తూపం. రాష్ట్ర పురావస్తు శాఖ 1970లలో అక్కడ తవ్వకాలు జరిపింది. అమరావతి పద్ధతిలో చెక్కిన సున్నపురాతి పలకలు దొరికాయి.

2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ న్యూయార్కు వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర ఒక పలక కొంది. సుమారు ఆరు లక్షల అమెరికన్ డాలర్లు పెట్టి. "బుద్ధుణ్ణి కొలిచేవారు" అని దానికి పేరు పెట్టారు. అది మన చందవరం రాయి.

అంత పెద్ద గ్యాలరీ దొంగసొత్తు ఎలా కొంటుంది అని అడుగుతారు. ఇక్కడే కొనుగోలు ఫైలు విప్పాలి. పురాతన వస్తువుల అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. మన దేశంలో పురావస్తువుల చట్టం 1972లో చేసి 1976లో అమల్లోకి తెచ్చారు. కాబట్టి ఈ బజారులో అందరూ చూసే తేదీ ఒక్కటే. వస్తువు దాని సొంత దేశం దాటింది 1970కి ముందా, తరవాతా? ముందే దాటింది అని చెప్పే కాగితం ఉంటే బేరం సాఫీగా సాగిపోతుంది. అందుకని ఈ వ్యాపారంలో దొంగ కాగితాలన్నీ ఒకే పని చేస్తాయి, తేదీని వెనక్కి జరుపుతాయి. ఫలానా దేశంలో ఫలానా పెద్దమనిషి 1960లలోనే కొన్నాడు అని ఒక ఉత్తరం, కింద ఒక సంతకం. మనం రోజూ చూసే టైమ్‌స్టాంప్ మోసమే, కాకపోతే మంచి లెటర్‌హెడ్డు మీద.

ఇలాంటి కాగితాన్ని అబద్ధమని నిరూపించాలంటే ఏం కావాలి? మనోభావాలు పనికిరావు. "అది మాది" అని ఎంత గట్టిగా అరిచినా పనికిరాదు. తారీకు తేలే సాక్ష్యం కావాలి. చందవరం రాయి విషయంలో అది దొరికింది. ఆ పలక 1970 తరవాత కూడా ఇండియాలోనే ఉన్నట్టు చూపించే ఒక పాత ఫోటో పరిశోధకుల చేతికొచ్చింది. రాయి మీద విరుగుళ్ళు మనిషి వేలిముద్రల్లాంటివి. ఏ రెండు రాళ్ళూ ఒకేలా విరగవు. ఫోటోలో ఉన్న రాయీ, గ్యాలరీలో ఉన్న రాయీ ఒకటే. లెటర్‌హెడ్డు కథ అక్కడితో సరి.

అప్పటికే ఆ గ్యాలరీ తన ఆసియా శిల్పాల కాగితాల్ని ఒక మాజీ న్యాయమూర్తి చేత సరిచూయించింది. 36 వస్తువులు చూస్తే 22 వస్తువుల చరిత్ర అనుమానంగానే తేలింది. 2016 సెప్టెంబరులో కాన్‌బెర్రాలో చందవరం పలకని మన సాంస్కృతిక శాఖ మంత్రికి అప్పగించారు. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్కులో నాన్సీ వీనర్‌ని అరెస్టు చేశారు. 2021లో ఆవిడ కోర్టులో నేరం ఒప్పుకుంది.

నాకు ఆశ్చర్యం కలిగించింది డబ్బూ కాదు, అరెస్టూ కాదు. ఆరు లక్షల డాలర్ల రాయిని వెనక్కి తెచ్చింది ఒక ఫోటో. ఆ ఫోటో తీసినప్పుడు అది ఇంత పని చేస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

అయితే ఏమిటంటారు?

నాలుగు గదుల్లోనూ నాకు కనబడింది ఒక్కటే. రాయిని బతికించేది హాలు కాదు, అద్దం కాదు, లైటింగ్ కాదు, వెనకనున్న రికార్డు. బొమ్మ గీస్తే బొమ్మలోనైనా బతికింది. లెక్క పెట్టనప్పుడు లండన్‌లో కూడా చెత్త కింద పడింది. గోడకి బిగిస్తే సగం చరిత్ర గోడ మింగింది. ఫోటో ఉంటే ఖండాలు దాటి ఇంటికొచ్చింది.

"మన రాళ్ళన్నీ తెచ్చెయ్యాలి" అనే వాదన మీద నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. చందవరం లాంటి దొంగసొత్తు రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. 1859లో ఓడెక్కినవాటి సంగతి వేరు. అది రెండు ప్రభుత్వాల మధ్య తేలాల్సిన విషయం, అడగడంలో తప్పేం లేదు. కానీ అడిగే ముందు మన ఇంట్లో ఉన్నవాటి జాబితా మన దగ్గరుండాలి కదా. రాళ్ళు ఊళ్ళు తిరగడం తప్పని కూడా నేననను. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలి బౌద్ధ శిల్పాల పెద్ద ప్రదర్శన జరిగింది. మన అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి రాళ్ళు అక్కడికి వెళ్ళాయి. కాకపోతే ఈసారి ఇన్సూరెన్సుతో, ఒప్పంద పత్రంతో, రిటర్న్ టికెట్టుతో వెళ్ళాయి. తేడా కాగితంలోనే ఉంది.

చెయ్యగలమా అంటే, మనం చేసిన మంచి ఉదాహరణ కూడా ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్ట కింద లోయ మొత్తం మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయని తవ్వారు. కొన్ని కట్టడాల్ని కొండ మీదికి చేర్చారు, మ్యూజియం కట్టారు. గడువు నెత్తిమీదున్నా పని జరిగింది.

మా గుంటూరు మిర్చి యార్డులో రైతు తెచ్చిన ప్రతి లాటుకీ కాగితం ఉంటుంది. ఎవరి సరుకు, ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏ రేటు. కోల్డ్ స్టోరేజీలో పెడితే దానికో బాండు. ఏడాది తిరిగితే రంగు మారిపోయే మిరపకాయకి ఇంత లెక్క రాసుకునే జనం, రెండువేల ఏళ్ళ రాయికి ఒక్క వాక్యం రాసుకోలేరా? 2007లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని కట్టడాలూ పురావస్తువుల జాబితా కోసం ఒక జాతీయ మిషన్ పెట్టింది. కానీ గుడి వెనక వేపచెట్టు కింద వాలిపోయి ఉన్న నాగశిల, చెరువు గట్టు మీద సగం పూడిన వీరగల్లు, రచ్చబండకి మెట్టుగా వేసిన శాసనం, వీటన్నిటి దగ్గరికీ సర్కారు మనిషి ఎప్పటికొస్తాడు?

మనం మాత్రం సంక్రాంతికి వెళ్తాం. జేబులో మంచి కెమెరా ఉన్న ఫోనుంటుంది. కాబట్టి నేను అడిగేది చిన్న పని. ఈసారి ఊరెళ్ళినప్పుడు అలాంటి రాయి కనబడితే నాలుగు వైపులా ఫోటో తియ్యండి. వెనక వైపు మరిచిపోవద్దు. పక్కన ఒక స్కేలో, పెన్నో పెట్టండి, కొలత తెలుస్తుంది. విరుగుళ్ళు దగ్గర్నుంచి తియ్యండి. తేదీ, ఊరు, రాయి ఎక్కడుందో రాయండి. కదిలించొద్దు, సున్నం వెయ్యొద్దు, పసుపు కుంకుమలు పూసి ఉంటే గీకొద్దు. ఒక కాపీ జిల్లా పురావస్తు అధికారులకి పంపండి, ఒక కాపీ మీ దగ్గర దాచండి. ఒక్క మెషీన్లో ఉన్నదాన్ని బ్యాకప్ అనరని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇదేదో మన కంప్యూటర్ల కాలపు ఆలోచన అనుకోకండి. అమరావతి పలకల్లో ఒకదాని మీద ఒక చర్మకారుడి పేరుంది, విధికుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లీ, భార్యా, అన్నదమ్ములూ, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని స్తూపానికి ఇచ్చానని రాయించుకున్నాడు. ఎవరిచ్చారు, ఎవరి కొడుకు, ఎవరెవరు కలిశారు, ఏమిచ్చారు, నాలుగూ ఉన్నాయి. రాజు పేరూ, ఆయన బిరుదులూ లేకపోయినా ఆ రాయి ఎవరిదో ఇవాళ్టికీ తెలుస్తోంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖరారు చేసిన రాజముద్రలో ఉన్నది అమరావతి శిల్పుల పూర్ణఘటమే.

రికార్డు రాయడం మనకి కొత్తేం కాదు. రెండువేల ఏళ్ళ కిందట మన ఊళ్ళో చెప్పులు కుట్టే మనిషి చేసిన పనే, మధ్యలో అలవాటు తప్పింది.